ఆ పూట పడవ ఇంజను లేవలేదు

నేను డీజిలు ఇంజన్ల మెకానిక్కుని. ఎనభైల నడుమ నుంచి పెర్కిట్‌లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని అదే పని చేశాను. ఆర్మూర్ చుట్టుపక్కల కరెంటును నమ్ముకుని పసుపు పెట్టేవాళ్ళు అప్పట్లో లేరు. బావి మీద ఆయిల్ ఇంజను ఒకటి ఉండాల్సిందే. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టిన తరువాత కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ములను కూడా ఆ ఇంజన్లే తిప్పేవి. ఆ రెండు మూడు నెలలు నేను ఇంట్లో కూర్చుని తిన్నది తక్కువ. ఒంటినిండా పసుపు దుమ్ము, దాని మీద డీజిలు మరకలు. నా భార్య నా బట్టలను మిగతావాటితో కలిపి నానబెట్టేది కాదు.

ఈ చుట్టుపక్కల నాకు కొంచెం పేరుండేది. దూరం నుంచి చప్పుడు విని రోగం చెప్తాడని అనుకునేవాళ్ళు. అది నిజం కాదు. ఇంజను నడవాలంటే డీజిలు రావాలి, గాలి రావాలి, లోపల ఒత్తిడి నిలవాలి. వీటిలో ఏది తక్కువైందో వరసగా చూసుకుంటూ పోవడమే మా పని. కంగారు పడకపోతే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నేను కంగారు పడే మనిషిని కాదు. ఆ నెమ్మదే నా గుణమని అందరూ అనేవాళ్ళు, నేనూ అనుకునేవాణ్ణి.

మా అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నాయిన పోయాక బీడీలు చుట్టి ఇల్లు నడిపిందీ, నన్ను ఆర్మూర్‌లో ఒక మెకానిక్కు దగ్గర పనికి పెట్టిందీ ఆమే. మొదటిరోజు తనే వెంట వచ్చి, ఆ మెకానిక్కుతో "వీనికి చదువు రాదు గని చేతులు మంచియి" అని చెప్పి వెళ్ళింది. ఆమెకు మాట ఎక్కువ. బీడీలు చుడుతున్నంతసేపూ మాట్లాడేది. ఎదురుగా ఎవరూ లేకపోతే ఆకుతో మాట్లాడేది. నేను ఎప్పుడు కనబడినా ముందు "తిన్నవా" అని అడిగేది. తిన్నానంటే ఏం తిన్నానో చెప్పాలి.

ఆమెను ప్రాజెక్టు నీళ్ళ ఒడ్డున ఒక ఊరికి ఇచ్చారు. ఆర్మూర్ నుంచి బస్సులో గంట ప్రయాణం. ప్రాజెక్టు కట్టినప్పుడు గోదావరి నీళ్ళు వెనక్కి తన్ని ఆ ఊరి భూములను చాలావరకు ముంచాయి. బావ వాళ్ళకు మిగిలింది అవతలి ఒడ్డున మెట్ట మీద కొంచెం చెలక. నీళ్ళ మీదుగా అయితే అది ఎదురుగానే కనబడుతుంది. రోడ్డున చుట్టు తిరిగి పోవాలంటే రెండు బస్సులు మారాలి, ఒక పూట పడుతుంది.

బావ చేపలు పట్టే ఇంటి మనిషి. పెళ్ళయిన కొన్నేళ్ళకు మస్కట్ పోయి అక్కడ మోటారు పడవల మీద పనిచేశాడు. తిరిగి వచ్చినప్పుడు అందరిలా టేప్‌రికార్డరు, దుప్పట్లు తెచ్చాడు గానీ, వాటి మీద అతనికి ధ్యాస లేదు. వచ్చిన వారానికే మా షెడ్డుకు వచ్చి కూర్చున్నాడు.

"బామ్మర్దీ, బావి మీది ఇంజన్ పడవకు వెట్టొచ్చునా?" అన్నాడు.

"ఎందుకు పెట్టరాదు. తిప్పేది ఏదైనా అదే తిప్పుడు" అన్నాను.

ఆర్మూర్‌లోనే రేకు పడవ చేయించాము. బావి ఎండిపోయిన ఒక రైతు దగ్గర పాత ఇంజను దొరికింది. దాన్ని విప్పి, కొత్త రింగులు వేసి, పొడుగు ఇనుప కడ్డీకి పంకా బిగించి, పడవలో కూర్చోబెట్టింది నేనే. పైన చిన్న డీజిలు ట్యాంకు, కింద ఇంజను, వెనక నీళ్ళలో పంకా. మొదటిసారి నీళ్ళలోకి దించిన రోజు అక్క ముందు చెక్క మీద కూర్చుంది. అవతలి ఒడ్డుకు అరగంటలో చేరాము. ఆమె దిగి, వెనక్కి తిరిగి నీళ్ళను చూసి, "బస్సు కన్న మంచిగున్నది, ఎవడు ఒత్తుకుంట కూసోడు" అంది.

రెండేళ్ళు ఆ పడవ బాగానే నడిచింది. రెండు ఒడ్లవాళ్ళూ ఎక్కేవారు. ఫోన్లు లేవు కాబట్టి, అవతలివాళ్ళకు పడవ కావాలంటే కర్రకు ఒక బట్ట కట్టి ఊపేవారు. ఇవతలి నుంచి బావ తన తువ్వాల ఊపేవాడు. చూశాను, వస్తున్నాను అని దానికి అర్థం. అది చూసి వాళ్ళు ఒడ్డున కూర్చునేవారు.

తొంభైల మొదట్లో ఒక వానాకాలం చివర, మక్క కంకులు చేతికొచ్చే రోజుల్లో జరిగిన సంగతి ఇది. దానికి పది రోజుల ముందు కూడా ఇంజను ఆగిపోతే పోయాను. ట్యాంకులోకి వాన నీళ్ళు దిగాయి. డీజిలంతా పారబోసి, ట్యాంకు కడిగి, కొత్తది పోసి నడిపించాను. వచ్చేటప్పుడు బావతో "నీళ్ళు మూతకాన్నుంచే పోతున్నయ్ బావా. వానలు తగ్గేదాక జర గట్టిగ మూసుకో" అని చెప్పాను. సరేనన్నాడు.

ఆ గురువారం పొద్దున మొదటి బస్సుకే బావ పెర్కిట్ వచ్చాడు. ముఖం కడుక్కున్నట్టు కూడా లేదు.

"ఇంజన్ లేస్తలేదు. నిన్న పొద్దుగాల మంచిగనే లేసింది. ఒడ్డు ఇడిసి జరంత దూరం పోయిన్నో లేదో బంద్ అయింది. మళ్ల ఎంత కొట్టినా లేస్తలేదు. కట్టెతోని నెట్టుకుంట ఒడ్డుకు తెచ్చిన."

"డీజిల్ ఉన్నదా?"

"నిండ పోసిన. మూతి దాక ఉన్నది. మీ అక్క, మా అవ్వ అవుతలున్నరు. సోమవారం దించి వచ్చిన, మక్కలు ఇరుస్తున్నరు. నిన్ననే తోల్కొస్తనన్న. ఎంత తిడుతున్నదో ఏమో."

అవ్వంటే వాళ్ళమ్మ. అక్క వాళ్ళ బిడ్డకు అప్పుడు ఆరేళ్ళు. బడి ఉందని పొరుగింట్లో ఉంచి వెళ్ళిందట అక్క. నేను పానాల సంచి భుజాన వేసుకున్నాను. నా భార్య ఇద్దరికీ రొట్టెలు కట్టిచ్చింది. తొమ్మిదిన్నరకల్లా పడవ దగ్గరున్నాము.

వాన లేదు గానీ తుంపర పడుతోంది. గాలి ఎక్కువగా ఉంది. నీళ్ళు నిండుగా, బురద రంగులో ఒడ్డుకు కొట్టుకుంటున్నాయి. నేను ముందు ట్యాంకు మూత తీసి చూశాను. డీజిలు నిండా ఉంది. మూత చుట్టూ, మూత పైన బావ బట్టల సబ్బు మెత్తగా చేసి దట్టంగా పూశాడు. నీళ్ళు పోకుండా సందు మూయడానికి మేము కూడా అప్పుడప్పుడు అలాగే చేస్తాము. నేను చెప్పిన మాట విన్నాడు, మంచిదే అనుకున్నాను. డీజిలు వేలికి రాసుకుని చూశాను, నీళ్ళు లేవు. మూత పెట్టి, లేచిన సబ్బును నా బొటనవేలితో మళ్ళీ ఒత్తాను.

తరువాత హ్యాండిల్ వేసి తిప్పాను. లేవలేదు.

డీజిలు పంపు దగ్గర ఒక చిన్న బోల్టు ఉంటుంది. దాన్ని వదులు చేస్తే, పైపులో చిక్కుకున్న గాలి బుడగలుగా వస్తుంది. బుడగలు పోయి డీజిలు ధారగా కారినప్పుడు బిగించాలి. నేను వదులు చేస్తే బుడగలు వచ్చాయి. గాలి పట్టిందన్నమాట. డీజిలు కొంచెం వచ్చింది. బిగించి తిప్పాను. ఒక్కసారి నల్లగా పొగ కక్కి ఆగిపోయింది. మళ్ళీ వదులు చేస్తే మళ్ళీ బుడగలు.

"ఎక్కడనో గాలి గుంజుతున్నది" అన్నాను.

గాలి గుంజితే జాయింట్లు చూడాలి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపును విప్పి, చివర్లను గీకి, రాగి వాషర్లు కొత్తవి వేశాను. ఫిల్టరు విప్పి కడిగాను. ఒక్కొక్కటీ బిగించి, ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పెట్టి చూశాను. ఎక్కడా లేదు. బోల్టు వదులు చేస్తే మాత్రం బుడగలు వస్తూనే ఉన్నాయి.

పది దాటి ఉంటుంది. బావ తలెత్తి అవతలికి చూసి, "అగో, ఊపుతున్నరు" అన్నాడు.

నేనూ చూశాను. అవతలి ఒడ్డున ఎర్రగా ఏదో కదులుతోంది. అంత దూరం నుంచి మనుషులు కనబడరు, రంగు ఒక్కటే కనబడుతుంది.

"మీ అక్కనే గావొచ్చు. బిడ్డ మీద పానం గుంజుతున్నది" అని బావ నవ్వాడు. అతని చేతులు నూనెలో ఉన్నాయి. "జర నువ్వు ఊపు బామ్మర్దీ. చూసినమని తెలుస్తది."

నేను వెనక చెక్క మీద నిలబడి, తువ్వాల రెండు చేతులతో ఎత్తి ఊపాను. కొంచెంసేపటికి ఆ ఎర్రది ఆగిపోయింది.

"చూసిండ్రు" అన్నాడు బావ.

నేను మళ్ళీ పనిలో పడ్డాను. డీజిలును ఇంజనులోకి చిమ్మే నాజిల్ విప్పి బయటపెట్టి కొట్టించాను. ఒకసారి చిమ్మింది, తరువాత ఉత్త తడి. నాజిలే పాడైందేమోనని సంచిలో ఉన్న ఇంకోటి వేశాను. అదీ అంతే. పంపు మీద అనుమానం వచ్చింది. దాన్ని విప్పడం పెద్ద పని. విప్పాను. లోపల ఏ లోపమూ లేదు. తుడిచి మళ్ళీ పెట్టాను. మధ్యలో మూడుసార్లో నాలుగుసార్లో ట్యాంకు మూత తీసి డీజిలు చూశాను. తీసినప్పుడల్లా లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు సన్నగా వచ్చింది. ఆ చప్పుడు నేను విన్నాను. తుంపర లోపల పడుతుందని వెంటనే మూసేసి సబ్బు ఒత్తాను.

ఆ ఎర్రది మళ్ళీ కదలడం మొదలుపెట్టింది. ఆగేది, మళ్ళీ కదిలేది. బావ ఒకసారి, నేను ఒకసారి మళ్ళీ తువ్వాల ఊపాము. నాకు విసుగు కూడా పుట్టింది. మేము ఇక్కడ ఖాళీగా కూర్చున్నామా అనుకున్నాను.

పన్నెండున్నరకు బావ, "చేతులు కడుక్కో. తిని చూద్దం. పొద్దుగాల సంది కడుపుల ఏం లేదు" అన్నాడు.

ఒడ్డున బండ మీద కూర్చుని రొట్టెలు తిన్నాము. కోడిగుడ్డు కూర ఉంది. బావ మస్కట్‌లో పడవల గురించి చెప్పాడు. అక్కడ ఇంజను ఆగితే ఇంకో పడవ వచ్చి తాడు కట్టి లాక్కుపోతుందట. నేను ఒక రొట్టె ఎక్కువే తిన్నాను. ఇది రాయకుండా ఉందామనుకున్నాను. ఆ రోజంతా నాకు బాగా గుర్తున్నది మాత్రం ఈ తిండే.

తిన్నాక మళ్ళీ పడవ ఎక్కబోతుంటే నీళ్ళ మీద ఒక తెప్ప కనబడింది. లారీ ట్యూబులకు చెక్కలు కట్టి చేసుకునే తెప్ప, ఒక్క మనిషి కూర్చుని వలలు వేసుకోవడానికి సరిపోతుంది. గాలికి పక్కకు కొట్టుకుపోతూ, మళ్ళీ సర్దుకుంటూ వస్తోంది. దాని మీద ఉన్నది అవతలి ఒడ్డున చేపలు పట్టే మనిషి. బావకు తెలిసినవాడే. ఒడ్డుకు చేరి నిలబడలేక మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అన్నా, వదినెకు పాము ముట్టింది" అన్నాడు.

బావ అవతలి ఒడ్డు వైపు తిరిగాడు.

"పొద్దుగాల మక్క ఇరుస్తుంటే కాలికి ముట్టింది. కట్టు కట్టిండ్రు, ఆకు పసరు పోసిండ్రు. ఊపుతనే ఉన్నం. నువ్వు వస్తలేవని నేనే తెప్పేసుకోని నీళ్లల్ల పడ్డ. రెండుసార్లు గాలి వెనుకకే కొట్టింది."

బావ నన్ను చూశాడు. తరువాత ఆ మనిషి చేతిలోని తెడ్డు తీసుకుని తెప్ప మీద కూర్చున్నాడు. "నువ్వు దాన్ని లేపు, బామ్మర్దీ. నేను పోతున్న" అని మాత్రం అన్నాడు. తెప్ప నీళ్ళలోకి పోయింది. ఆ గాలిలో అతను చేరడానికి గంటన్నర పడుతుందని నాకు తెలుసు. చేరినా, దాని మీద ఇంకో మనిషికి చోటు లేదు.

నేను పడవలో ఒక్కణ్ణే మిగిలాను. చేపల మనిషి ఒడ్డున బోర్లా పడి వగరుస్తున్నాడు.

కంగారు పడే మనిషిని కానని ముందు చెప్పాను. ఆ గంట నాకు ఏమైందో సరిగ్గా చెప్పలేను. హ్యాండిల్ తిప్పాను, తిప్పుతూనే ఉన్నాను. అరచేతి తోలు లేచింది. ఒకసారి హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టుకు తగిలింది. పొద్దుటి నుంచి చేసిన పనులే వరస తప్పి మళ్ళీ చేశాను. నాజిల్ విప్పాను, ఎందుకు విప్పానో మరిచిపోయి బిగించాను. ఇంజనును కాలితో తన్నాను. నా జన్మలో ఏ ఇంజనునూ తన్నలేదు. నీళ్ళ మీద బావ చిన్నగా, ఇంకా చిన్నగా అవుతున్నాడు. అవతల ఆ ఎర్రది ఇప్పుడు కదలడం లేదు.

డీజిలు చూద్దామని మళ్ళీ ట్యాంకు మూత తీశాను. మూత జారి పడవ అడుగున చెక్కల కిందికి పోయింది. దాని కోసం వంగలేదు. తుంపర పడితే పడనీ అనుకుని, అలాగే బోల్టు వదులు చేశాను. నాలుగు బుడగలు వచ్చాయి. ఆ తరువాత డీజిలు ధార కట్టింది. ఆగలేదు. పొద్దుటి నుంచి అంత మంచి ధార రాలేదు. బిగించి హ్యాండిల్ తిప్పాను. రెండో తిప్పుకు ఇంజను లేచింది.

అప్పుడర్థమైంది. ప్రతి ట్యాంకు మూతకూ నడుమ సూదిమొన అంత బెజ్జం ఉంటుంది. డీజిలు కిందికి దిగుతుంటే పైనుంచి గాలి పోవడానికి అది. అది మూసుకుపోతే కొంచెం దిగిన తరువాత ఇక డీజిలు దిగదు. ట్యాంకు నిండా ఉంటే మరీ తొందరగా ఆగిపోతుంది. అప్పుడు కింద బోల్టు వదులు చేస్తే అది బయటి గాలినే లోపలికి గుంజుతుంది. పనిలో చేరిన మొదటి నెలలో నేర్చుకునే సంగతి ఇది. లేచి, కొంచెం దూరం పోయి ఆగిందని బావ చెప్పినప్పుడే నాకు తట్టాలి. బావ పూసిన సబ్బు ఆ బెజ్జాన్ని మూసింది. గట్టిగా మూయమని చెప్పింది నేను. తీసిన ప్రతిసారీ మళ్ళీ ఒత్తింది కూడా నేనే.

చెక్కల కింద నుంచి మూత తీసి, దాన్ని నీళ్ళలోకి విసిరేశాను.

సగం దారి దాటాక బావ కలిశాడు. ఇంజను చప్పుడు విని తెడ్డు వేయడం ఆపి కూర్చున్నాడు. చెయ్యి ఇచ్చి పైకి లాగాను. తెప్పను అక్కడే వదిలేశాము. అతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఏమాయె దానికి?" అన్నాడు.

"గాలి పట్టింది" అన్నాను.

అవతల అక్కను గోనెసంచుల మీద పడుకోబెట్టారు. కాలికి పిక్క కింద తాడు కట్టారు, పాదం నల్లబడి ఉబ్బింది. కనురెప్పలు సగం వాలి ఉన్నాయి, ఎత్తలేకపోతోంది. నేను వంగితే నా చప్పుడు గుర్తుపట్టింది.

"అయిందారా ఇంజన్?" అంది. మాట ముద్దగా వచ్చింది.

"అయింది అక్కా."

"తిన్నవా?"

"తిన్న" అన్నాను. ఏం తిన్నానో ఆమె అడగలేదు.

నలుగురం ఎత్తి పడవలో పడుకోబెట్టాము. బావ ఆమె తల ఒడిలో పెట్టుకున్నాడు. బావ వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమె చేతిలో ఇంకా ఆ కర్ర ఉంది, దానికి కట్టిన ఎర్రచీర ముక్క ఉంది. పడవ కదిలాక ఆ ముసలమ్మ నాతో చెప్పింది. నిష్ఠూరంగా కాదు, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఎడ్లబండి కట్టిండ్రు బిడ్డా. రోడ్డు మీదికి కొంటవోదామని బండ్లెకు ఎక్కించినం గుడ. గంతల నువ్వు తువ్వాల ఊపితివి. పడవ వస్తున్నది, పడవైతేనే జల్ది ఆర్మూర్ చేరుతమని మళ్ల దించినం. వస్తరు, వస్తరు అని చూసినం."

బావ తల ఎత్తలేదు. నేను ఇంజను వైపు తిరిగి కూర్చున్నాను. ఇంజను ఎంత బాగా నడిచిందంటే, అంత సాఫుగా అది అంతకుముందు ఎప్పుడూ నడవలేదు. ఒక్కసారి కూడా తడబడలేదు.

ఒడ్డు నుంచి ఊళ్ళో ఉన్న జీపులో ఆర్మూర్ బయలుదేరాము. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక అక్క గట్టిగా ఊపిరి తీసుకోవడం చాలాసేపు వినబడింది. నేను దాన్నే వింటూ కూర్చున్నాను. ఆర్మూర్ గుట్ట మీది నల్లబండలు కనబడే చోట రోడ్డు కొంచెం ఎత్తు ఎక్కుతుంది. అక్కడ జీపు చప్పుడు పెరిగి, వెనక చప్పుడు నాకు వినబడలేదు. ఎత్తు దిగాక కూడా వినబడలేదు. తిరిగి చూస్తే, బావ ఆమె నోటి దగ్గర వేళ్ళు పెట్టి ఉన్నాడు. పెట్టి తీయడం లేదు. డ్రైవరును ఆపమని ఎవరమూ చెప్పలేదు. దవాఖాన దాకా అలాగే పోయాము.

డాక్టరు చూసి, ఎన్ని గంటలకు కరిచిందని అడిగాడు. బావ చెప్పాడు. డాక్టరు గోడ గడియారం వైపు చూశాడు.

పదకొండో రోజు దాకా ఆ ఇంటికి వచ్చిపోయిన వాళ్ళందరూ ఒకే మాట అనుకున్నారు. తమ్ముడు మెకానిక్కు, పొద్దుటి నుంచి పక్కనే ఉండి కూడా లేపలేకపోయాడని. నా ముఖం మీద అన్నవాళ్ళు తక్కువ. నేను లోపలికి రాగానే మాట ఆపేసేవాళ్ళు. మా అమ్మ మాత్రం ఒకసారి నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని, తోలు లేచిన అరచేతులను చూసి, ఏమీ అనకుండా వదిలేసింది. అన్నా బాగుండేది.

బావ పడవను ఒడ్డుకు లాగించాడు. ఇంజను విప్పి తీసుకుపొమ్మని నాకు కబురు చేసి, అది తీశాక పడవను బోర్లించాడు. ఇంజను తెచ్చి షెడ్డు వెనక పెట్టాను. దాన్ని ఎవరికీ అమ్మలేదు, దేనికీ బిగించలేదు. ఏడాది తిరగకముందే అతను మళ్ళీ మస్కట్ పోయాడు. బిడ్డ మా దగ్గర పెరిగింది. బావ వాళ్ళమ్మ కూడా కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉండి, పెర్కిట్‌లోనే కన్నుమూసింది.

నేను పని మానలేదు. ఇంకేం చేయగలను. కానీ ఆ రోజు తరువాత ఏ ఇంజను దగ్గర కూర్చున్నా నాకు ధైర్యం లేకుండా పోయింది. నడుస్తున్న ఇంజనును కూడా నమ్మకుండా మళ్ళీ మళ్ళీ విప్పేవాణ్ణి. రైతులు విసుక్కునేవారు. మెల్లగా కొంతమంది ఆర్మూర్‌లోని వేరే షెడ్లకు పోవడం మొదలుపెట్టారు. రాత్రి ఎందుకు నిద్ర పట్టడం లేదని నా భార్య అడిగితే, నడుము నొప్పి అని చెప్పేవాణ్ణి. ఆమెకూ నిజం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే అది బావ చెవిన పడుతుంది. సబ్బు పూసింది అతను. గట్టిగా మూయమని చెప్పింది నేనైనా, తన చేత్తో బెజ్జం మూశానని తెలిస్తే ఆ మనిషి బతకడు. అతని కోసమే దాచానని చాలా ఏళ్ళు అనుకున్నాను. అందులో నన్ను నేను కాపాడుకున్నది కూడా ఉంది. ఒత్తిన వేలు నాది. అది చెప్పకపోతే, దొరకని రోగం ఎవరికైనా దొరకదులే అని నలుగురూ అనుకోవచ్చు.

నాలుగేళ్ళకు బావ సెలవు మీద వచ్చాడు. వెంట్రుకలు నెరిశాయి. బిడ్డకు బట్టలు, చెప్పులు, పెన్నులు తెచ్చాడు. చెప్పులు చిన్నవయ్యాయి. అది ఎంత ఎదిగిందో అతనికి తెలియదు. తిరిగి వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నం షెడ్డుకు వచ్చి, పాత టైరు మీద కూర్చున్నాడు. నేను ఒక ఇంజనుకు రింగులు వేస్తున్నాను. చాలాసేపు చూసి అడిగాడు.

"గా దినం అసలు ఏమైండె బామ్మర్దీ? గాలి పట్టిందంటివి. ఎక్కడికెల్లి పట్టింది?"

నాలుగేళ్ళుగా ఈ మాట ఎప్పుడు అడుగుతాడా అని ఎదురుచూశాను. చెప్పేయాలని నోటి దాకా వచ్చింది.

"దొరకలేదు బావా" అన్నాను. "లేసింది గని, ఎందుకు లేసిందో నాకు ఎరుక కాలే."

అతను తల ఊపాడు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ తప్పు లేదు. నీ అసుంటోనికే దొరకలేదంటే ఎవనికి దొరుకుతది. నేను పొద్దుగాల్నే పక్కూరికి ఇంకో పడవ కోసం పోవాల్సుండె. నేనే పోలె. నిన్ను ఊపుమన్నది గుడ నేనే." చెయ్యి తీసుకుని, "నేను గిది ఎవరితోని చెప్పలె" అన్నాడు.

అతను కూడా నాలుగేళ్ళుగా ఒక సంగతి మోస్తున్నాడని అప్పుడు తెలిసింది. నా నోట్లో ఉన్న మాట చెబితే అతని మీద ఇంకొకటి పెట్టినట్టవుతుంది, చెప్పకపోతే అతను క్షమించింది నేను చేయని తప్పును, చేసింది అలాగే ఉండిపోతుంది. నేను రింగుల పెట్టె వెతుకుతున్నట్టు పక్కకు తిరిగాను.

మరునాడు ఆర్మూర్ బస్టాండులో బొంబాయి బస్సు ఎక్కించడానికి బిడ్డనూ తీసుకుని పోయాను. బస్సు ఆలస్యమైంది. ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాము. బిడ్డ తండ్రికి తన బడి సంగతులు చెప్తుంటే అతను వింటూ కూర్చున్నాడు. చెబుదామని మళ్ళీ అనుకున్నాను, బిడ్డ పక్కనుంది కదా అనుకున్నాను. బిడ్డ నీళ్ళు తాగడానికి పోయినప్పుడు, ఇప్పుడు చెబితే ప్రయాణంలో ఏమైపోతాడో అనుకున్నాను. బస్సు వచ్చింది. కిటికీలోంచి అతను బిడ్డ తల నిమిరి, నాకు చెయ్యి అందించాడు. పట్టుకున్నాను. బస్సు కదిలింది.

బిడ్డను బడి దగ్గర దించి షెడ్డుకు వచ్చేసరికి ఒక రైతు ఇంజనును ఎడ్లబండి మీద వేసుకుని ఎదురుచూస్తున్నాడు. పసుపుకు నీళ్ళు పెట్టాలి, జల్దీ చూడమన్నాడు. దింపించి, విప్పడం మొదలుపెట్టాను.